అమ్మ కరివేపాకు, నాన్న రొయ్యలు: మెల్‌బోర్న్‌లో ఏం అమ్ముడుపోతుందంటే

నమస్తే అండీ, మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్ నుంచి మాట్లాడుతున్నాను. డిసెంబరు, ఎండ, ఇంట్లో అమ్మా నాన్నా. భీమవరం నుంచి దిగి రెండు వారాలైంది. దిగిన రోజే ఎయిర్‌పోర్టులో ఒక చిన్న సీన్ అయింది, ముందు అది చెప్పేస్తాను.

అమ్మ పట్టుచీర మడతల్లో న్యూస్‌పేపర్‌లో చుట్టి కరివేపాకు పెట్టింది. నేను ఫోన్‌లో వందసార్లు చెప్పాను కాబట్టి, తినేవి ఉన్నాయని విమానం దిగేటప్పుడు నింపే కార్డులో టిక్ మాత్రం పెట్టింది, అదే బతికించింది. ఆఫీసరమ్మ చీర విప్పి, ఆకు తీసి పక్కన పెట్టి, సీల్ వేసిన ఆవకాయ ప్యాకెట్లు తిరిగి పెట్టెలో సర్దేసింది. ఫైన్ లేదు. కరివేపాకు మీద బతికే ఒక చిన్న పురుగు నిమ్మ, బత్తాయి చెట్లను చంపే తెగులు మోసుకొస్తుంది, ఆ తెగులు ఈ దేశంలో లేదు, అందుకే అంత భయం. "గుప్పెడు ఆకుకి ఇంత గొడవా" అని అమ్మ కారెక్కేదాకా గొణుగుతూనే ఉంది.

నన్నడిగితే, ఇక్కడికి సరుకు పంపాలనుకునేవాళ్లకి మొదటి పాఠం ఆ చీర మడతలోనే ఉంది. సుంకం ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. 2022 డిసెంబరు 29న భారత్-ఆస్ట్రేలియా ఒప్పందం అమల్లోకి వచ్చాక మన సరుకులో చాలావాటికి ఉన్న 5 శాతం కూడా పోయింది. అసలు కష్టమంతా పురుగు, తెగులు, లేబుల్ దగ్గరే. వేరుశనగలకి అఫ్లాటాక్సిన్ టెస్టు, అంటే బూజు విషం ఉందో లేదో చూస్తారు. పల్లీల పొడిలో నువ్వులు వేశారా, ఆ సంగతి ప్యాకెట్ మీద ఇంగ్లిష్‌లో స్పష్టంగా కనపడాలి. పొడి ఎంత కమ్మగా ఉన్నా, లేబుల్ సరిగ్గా లేకపోతే ఇక్కడ షాపులో పెట్టడానికి లేదు.

ఇక రొయ్యలు. ఇది నాన్న సబ్జెక్టు, బాబాయికి చెరువుంది కదా. ఇక్కడ క్రిస్మస్ అంటే రొయ్యలే, ఉడికించి చల్లార్చినవి, తల, తోక, పెంకుతో సహా టేబుల్ మీద పెట్టుకుని ఒలుచుకుంటూ తింటారు. శనివారం మార్కెట్‌కి తీసుకెళ్తే నాన్న ఐసు మీద నుంచి ఒక రొయ్య చేతిలోకి తీసుకుని, ఇటూ అటూ తిప్పి, "ముప్పై కౌంట్ ఉంటుందమ్మా" అన్నారు. కేజీకి ఎన్ని తూగుతాయో ఆయన చేతికి తెలుసు. రేటు రూపాయల్లోకి మార్చుకుని కాసేపు ఏం మాట్లాడలేదు.

మన పచ్చి రొయ్య ఇన్నాళ్లూ ఇక్కడికి పెంకు ఒలిచి, నరం తీసి, టెస్టు చేయించుకుంటేగానీ వచ్చేది కాదు. 2016 చివర్లో క్వీన్స్‌లాండ్‌లో లోగన్ నది దగ్గర చెరువుల్లో వైట్ స్పాట్, అంటే రొయ్యల్ని చంపే తెల్లమచ్చల తెగులు పడింది, 2017 జనవరిలో పచ్చి రొయ్యల దిగుమతే ఆపేశారు, తర్వాత తెరిచినా షరతులు బిగించారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాలు 50 శాతానికి పెంచేసరికి మా వైపు చెరువుల దగ్గర ఒకటే టెన్షన్. ఆ అక్టోబరులో ఆస్ట్రేలియా పెంకుతో ఉన్న రొయ్యలకి షరతుల మీద మొదటి అనుమతి ఇచ్చింది. మంచిదే, కానీ అమెరికా పోతే ఆస్ట్రేలియా ఉందిలే అనుకోవద్దు. ఈ దేశం మొత్తం జనాభా 2 కోట్ల 70 లక్షల పైచిలుకు, మన రెండు రాష్ట్రాల్లో మూడో వంతు కూడా లేరు.

ఇక్కణ్నుంచి మన వైపుకి కూడా సరుకు వస్తుందండోయ్. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్‌లో పండే శనగలు ఓడల్లో ఇండియాకే వెళ్తాయి. బెజవాడలో మీరు తినే మిర్చి బజ్జీ పిండి ఏ కంగారూలు తిరిగే పొలం నుంచి వచ్చిందో ఎవరు చూశారు!

నాకు బాగా ఆశ ఉన్నది మాత్రం అరకు కాఫీ మీద. ఈ ఊళ్లో కాఫీ ఒక మతం, ఏ దేశం గింజ, ఏ కొండ అని అడిగి మరీ తాగుతారు. 2019లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానికే సొంతమైన సరుకన్న ముద్ర, వచ్చిన గింజ మనది. కాఫీ తాగినవాడు ఆ కొండ ఎక్కడుందని అడుగుతాడు, విశాఖకి టికెట్ కూడా కొంటాడు.

టూరిజం అంటే ఇక్కడ మనవాళ్ల లెక్క వేరు. ఏటా 4 లక్షలకు పైగా ఇండియా నుంచి వస్తున్నారు, అందులో ఎక్కువమంది పిల్లల్నీ బంధువుల్నీ చూడ్డానికి వచ్చేవాళ్లే. మా ఇంట్లో ఉన్న ఇద్దరిలాగా. వీళ్లకి హడావిడి బస్సు టూర్లు పడవు. మెల్‌బోర్న్ సిటీకి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫిలిప్ ఐలాండ్‌కి వెళ్లి, సముద్రంలోంచి పెంగ్విన్లు గునగునా నడుచుకుంటూ ఒడ్డెక్కడం చూశాం. ఫొటో తీయకూడదు, అందుకే ఈ వీడియోలో ఆ సీన్ లేదు! ఈ కాలంలో అవి వచ్చేసరికి రాత్రి తొమ్మిది, నాన్నకి షుగర్, తినడానికి చుట్టుపక్కల చిప్స్ తప్ప ఏమీ దొరకలేదు. ఒక చిన్న వ్యాను, తెలుగు మాట్లాడే డ్రైవరు, డబ్బాలో పెరుగన్నం, దారిలో రెండు మూడు చోట్ల బాత్రూమ్ కోసం ఆపడం... ఎవరైనా పెట్టండి బాబూ, మొదటి బుకింగ్ నాదే.

ఎంసీజీకి, అదే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌కి కూడా తీసుకెళ్లాను. 2024 బాక్సింగ్ డే టెస్టులో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 114 కొట్టినప్పుడు స్టాండ్‌లో వాళ్ల నాన్న ఏడ్చింది మీరూ చూసే ఉంటారు. "ఎక్కడ కూర్చున్నాడాయన" అని గైడ్‌ని అడగమంటారు మా నాన్న, నాకేమో సిగ్గు.

రాత్రి బాబాయికి ఫోన్ చేసి అరగంట మాట్లాడారు. క్రికెట్ లేదు, పెంగ్విన్ లేదు. "తలకాయతో సహా కొంటున్నార్రా ఇక్కడ, ముప్పై కౌంట్..." అని. బాబాయి అటునుంచి ఏదో అడిగాడు, నాన్న ఫోన్ చేత్తో మూసి నావైపు తిరిగారు.

"చెరువు దగ్గర ఎంతకి తీసుకుంటారో కనుక్కోమంటున్నాడమ్మా."