మడమ వెనక నొప్పికి పీఆర్పీ ఇంజెక్షన్: ఆరు నెలల తర్వాత నా రివ్యూ

నమస్కారం అండి. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. ఎడమ మడమ వెనక పీఆర్పీ ఇంజెక్షన్, అంటే మన రక్తం నుంచే తీసి ఎక్కించే సూది, వేయించుకున్నానని చెప్పగానే చాలామంది వీడియో పెట్టమన్నారు. వెంటనే పెట్టలేదు. వారానికే ఏం తెలుస్తుంది? ఇప్పుడు ఆరు నెలలు దాటింది, చెబుతాను.

పొద్దున మంచం దిగితే మొదటి పది అడుగులు గోడ పట్టుకుని వేయాల్సిందే. కాసేపటికి సర్దుకునేది. సాయంత్రం వీఆర్సీ గ్రౌండ్‌లో రెండు రౌండ్లు పరుగెత్తితే మర్నాడు మళ్లీ మొదలు. ఏడాదిన్నర ఇదే బాధ. మనవాళ్లు 'మడమ నరం పట్టేసింది' అంటారు కానీ అది నరం కాదండి. పిక్క కండని మడమ ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది, అకిలిస్ టెండన్. ఒంట్లో ఉన్న టెండన్లన్నిటిలో లావైనది అదే. వేళ్లతో తడిమితే మడమకి మూడు వేళ్ల పైన చింతగింజంత గడ్డ తగిలేది. నొక్కితే ప్రాణం పోయేది.

స్కానింగ్‌లో డాక్టరుగారు తెర చూపించారు. పోగులన్నీ పేనిన తాడులా వరసగా ఉండాలి. నాకు ఒకచోట చెదిరిపోయి నల్లటి మచ్చలా కనపడింది. టెండన్‌కి రక్తప్రసారం తక్కువ, అందుకే మానడం ఆలస్యం.

పీఆర్పీ అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. చేతి నుంచి 30 మి.లీ. రక్తం తీశారు. గిర్రున తిప్పే మిషన్‌లో పెట్టారు. ట్యూబ్ బయటికి తీస్తే అడుగున చిక్కటి ఎరుపు, పైన నూనె రంగు, మధ్యలో సన్నటి తెల్లటి పొర. అక్కడి నుంచి 4 మి.లీ. లాగి, స్కానింగ్‌లో చూస్తూ ఆ నల్లటి మచ్చ దగ్గర ఎక్కించారు. ప్లేట్‌లెట్లలో గాయం మానడానికి పనికొచ్చే పదార్థాలు ఉంటాయి కాబట్టి టెండన్ మళ్లీ అల్లుకుంటుందని ఆలోచన. సూది నొప్పి గట్టిగానే ఉంది. మూడు రోజులు కుంటుకుంటూ నడిచాను.

"సార్, ఇంక పరుగెత్తొచ్చా?" అంటే, "అప్పుడే కాదు. సూది సగమే, మిగతా సగం మీ ఇంటి మెట్టు మీద ఉంది" అన్నారు.

ఆ మెట్టు సంగతి చెప్పాలి. ముందరి పాదం మెట్టు అంచున పెట్టి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న కాలి మీదే బరువు వేసి మడమని మెల్లగా కిందికి దించాలి. మోకాలు నిటారుగా 15 సార్లు మూడు విడతలు, మోకాలు కాస్త వంచి అలాగే ఇంకో మూడు విడతలు. పొద్దున, సాయంత్రం. రోజుకి 180. స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే డాక్టర్ 1998లో ప్రచురించిన పద్ధతి ఇది, 12 వారాలు చేయాలి. సూది వేసిన రెండు వారాలకి మొదలుపెట్టాను. మొదటి నెల కన్నీళ్లు వచ్చాయి.

సూదికి ముందు ఎడమ కాలి ఒక్కదాని మీదే మునివేళ్లపై 6 సార్లు లేవగలిగాను. ఇప్పుడు 19. పొద్దున గోడ పట్టుకోవడం లేదు. రెండు రౌండ్లు పరుగెత్తినా మర్నాడు బాగానే ఉంటోంది. గడ్డ మాత్రం చిన్నగా ఇంకా తగులుతోంది.

అంటే సూది పని చేసినట్టేనా? ఇక్కడ నేను అబద్ధం ఆడలేను. 2010లో నెదర్లాండ్స్‌లో 54 మందిపై పరీక్షించారు. కొందరికి పీఆర్పీ, కొందరికి ఉత్త ఉప్పునీళ్ల సూది, అందరికీ వ్యాయామం. ఆరు నెలలకి చెప్పుకోదగ్గ తేడా లేదు. 2021లో బ్రిటన్‌లో 240 మందిపై చేశారు. డమ్మీ సూది గుచ్చినవాళ్లకీ, పీఆర్పీ ఎక్కించినవాళ్లకీ నొప్పి ఎలా ఉంది, కాలు ఎంత పని చేస్తోంది అని చూసి 100కి వేసిన స్కోర్లు (ఎక్కువైతే మంచిది) 53.4, 54.4. అంతే తేడా. నాకు తగ్గడం నిజమే, కానీ తగ్గించింది మెట్టే అని నా నమ్మకం.

ముందు వెళ్లిన ఒక చోట 'ఒక్క ఇంజెక్షన్‌తో నెలలో పరుగెత్తిస్తాం, వ్యాయామం అక్కర్లేదు' అన్నారు. మూడు సిట్టింగ్‌ల ప్యాకేజీ రాసిచ్చారు. నొప్పితో ఉన్న మనిషికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు, అందుకే కోపం. కౌలు డబ్బులో, పాప ఫీజు డబ్బులో తీసి కట్టేవాళ్లు ఉంటారు.

నన్ను అడిగితే, ముందు 12 వారాలు ఫిజియో చెప్పినట్టు మెట్టు వ్యాయామం చేయండి. నొప్పి సరిగ్గా మడమ ఎముకకి అతుక్కునే చోటే ఉంటే మడమని మెట్టు కిందికి దించకూడదు, నేల మీదే చేయాలి. అది ఫిజియోనే చూసి చెప్పాలి. అప్పటికీ తగ్గకపోతే పీఆర్పీ గురించి ఆలోచించండి. ఆ టెండన్‌లోకి స్టెరాయిడ్ సూది మాత్రం వద్దు, తెగే ప్రమాదం ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడుతుంటే డాక్టరుకి చెప్పండి, వాటికీ టెండన్‌కీ పడదు.

ఎప్పుడైనా మడమ వెనక ఎవరో తన్నినట్టు ఠప్పుమని, మునివేళ్ల మీద లేవలేకపోతే, కట్టు కట్టుకుని కూర్చోకండి. అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.