గుంపులో మనిషి బుర్ర ఎక్కడికి పోతుంది?

నమస్కారం. బెంగళూరులో ఉంటూ కరగ ఉత్సవం చూడని తెలుగువాళ్లు తక్కువే. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి ఊరేగింపు బయల్దేరుతుంది. పూజారి తలమీద పూలతో అలంకరించిన కుండ, అదే కరగ, దానికి చెయ్యి ఆన్చరు. ఇరుకు పేట వీధులు, ఇసకేస్తే రాలని జనం, అందులోనే నాట్యం. ప్రతి అడుగూ ముందు బుర్రలో లెక్కేసుకుని తర్వాత కాలికి చెబుతారా?

కాదంటారు మాక్సీన్ షీట్స్-జాన్‌స్టన్. నాట్యం చేసిన మనిషి, తత్వవేత్త కూడా. నాట్యం మీద 1966లోనే తత్వశాస్త్ర గ్రంథం రాశారు. కదలికలోనే ఆలోచన ఉంటుందన్నది ఆమె వాదం.

ఈ వాదం గుంపుల విషయంలో ఇంకా బాగా పనికొస్తుందని నా నమ్మకం. గుంపులో చేరితే మనిషి వివేకం పోతుందని 1895లో ఫ్రెంచి రచయిత గుస్తావ్ లె బాన్ రాశాడు. ప్రమాదం జరిగిన మర్నాడు "జనం ఎగబడ్డారు" అని మనమూ అదే అంటున్నాం. అది అన్యాయం.

నేలమీద చాక్‌పీసుతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీయండి. ఇద్దరు నిలబడితే అడుగులు వేయొచ్చు. నలుగురున్నా సర్దుకుని తప్పుకోవచ్చు. ఆరుగురు దాటారా, ఎవరి అడుగు వాళ్ల వశంలో ఉండదు. వెనక ఒకరు తూలితే ఆ తోపు అలలా ముందుకు పాకుతుంది. ముందు ఏమవుతోందో వెనకవాళ్లకు కనబడదు, నెడుతూనే ఉంటారు. చాలామంది నిలబడే, ఛాతీ నొక్కుకుపోయి, ఊపిరాడక చనిపోతారు. 2022లో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో, ఇతెవాన్ సందులో జరిగిన ఇలాంటి ప్రమాదం 159 మందిని బలి తీసుకుంది. 2025 జూన్ 4న మన చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది. లోపించింది వివేకం కాదు, కాలు కదిపే చోటు. కరగ చుట్టూ కత్తులు దూసి నడిచే వీరకుమారులు కాపాడేది ఆ చోటునే.

నాలుగువైపులా ఒళ్లు తగులుతోందంటే అప్పుడే బయటపడండి. చేతులు ముఖం దాకా లేవట్లేదంటే ఆలస్యమైనట్టే. అప్పుడు పిడికిళ్లు ఛాతీ ముందు పెట్టి ఊపిరికి చోటు ఉంచుకోండి. చేతులు కిందే ఇరుక్కుంటే మోచేతులైనా పక్కలకు బిగించండి. ఫోను పడినా వంగొద్దు. తోపుకి ఎదురు తోయొద్దు, అది తగ్గిన క్షణంలో ఏటవాలుగా అంచుకు జరగండి. గోడ పక్కకీ బారికేడ్ పక్కకీ మాత్రం పోకండి, నలిగేది అక్కడే. పిల్లలుంటే భుజాలమీదికి ఎత్తుకోండి, అదీ జనం ఒత్తుకోకముందే.