ఆ రోజు నేను తెరవని సీసా

డాక్టరు గారికి, సర్పంచు గారికి, ఆశా చెల్లెళ్లకు, అంగన్‌వాడీ టీచర్లకు, చంటిపిల్లలను ఎత్తుకొని వచ్చిన తల్లులకు నమస్కారం. శాలువా కప్పారు, దండ వేశారు. ముప్పై ఏళ్లు ఏఎన్‌ఎంగా, అంటే సూదులు వేసే ఊరి నర్సుగా, ఈ పాలమూరు పల్లెల్లో తిరిగినందుకు ఇంతమంది వచ్చారు, సంతోషం.

పోలియో గురించి మాట్లాడాలని కాగితం రాసుకొచ్చాను. 1995లో దేశమంతా పల్స్ పోలియో మొదలైనప్పటి నుంచి 2014లో మన దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చేదాకా ఎంత నడిచామో చెబుదామనుకున్నా. కానీ ఇందాక ఒక చెల్లె "మేం ఆదివారం బొంబాయి పోతున్నం మేడం" అన్నది. అప్పటి నుంచి నా మనసు కాగితం మీద లేదు. ఎన్నడూ ఎవరికీ చెప్పని ముచ్చట ఒకటి చెప్పాలి.

2001లో, దీపావళి వెళ్లాక ఒక బుధవారం. ఒకామె తొమ్మిది నెలల పాపను తీసుకొని సబ్‌సెంటర్‌కు వచ్చింది. "అక్కా, రేపు గుంపు మేస్త్రి బొంబాయికి కూలి పనికి తోలుకపోతుండు. ఇయ్యాల్నే తట్టు సూది వెయ్యి" అన్నది. పాపకు ముక్కు కారుతోంది, ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. "జలుబుంది, తగ్గినాక వేయిద్దాం" అని పంపేశాను.

అది నేను నోటితో చెప్పిన కారణం. నా లోపల ఉన్న కారణం వేరు. తట్టు మందు సీసాలో ఐదు డోసులు ఉంటాయి. ఒకసారి కలిపితే నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. ఆ పూట వచ్చింది ఆ ఒక్క పాపే. నాలుగు డోసులు వేస్ట్ చేశావేమని పైవాళ్లు అడుగుతారని టెన్షన్ పడ్డాను. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలని నాకు తెలుసు. తెలిసీ తెరవలేదు.

వాళ్లు ఉగాదికి తిరిగొచ్చారు. బొంబాయిలో బిల్డింగ్ పని దగ్గర, రేకుల షెడ్డులో పాపకు తట్టు పోసింది. తర్వాత చెవిలో చీము పట్టి నెలల తరబడి కారింది. ఆ పాప ఇప్పుడు పెద్దదైంది, పెళ్లయింది. కుడిపక్క నుంచి పిలిస్తే పలకదు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. తట్టంటే అమ్మవారు అనుకున్నది, దండం పెట్టుకున్నది. నేనే ఆ ఇంటి ముందు నుంచి పోలేక చుట్టూ తిరిగి పోయేదాన్ని.

ఆశా చెల్లెళ్లూ, మీకే చెబుతున్నా. జలుబు, దగ్గు, కొద్దిపాటి జ్వరం ఉన్నాయని ఏ బిడ్డనూ తిప్పి పంపకండి. ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బుంటే డాక్టరు గారు చూస్తారు. అమ్మలారా, మీరు కూడా "ముక్కు కారుతుంది, వచ్చే వారం చూద్దాం" అనకండి.

ఇక మీరందరూ అడిగేది జ్వరం సంగతి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్‌తో, అంటే ఐదు జబ్బులకు కలిపి వేసే సూదితో, ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు, తొడ దగ్గర వాపు రావచ్చు. దాన్ని రుద్దకండి, కాపడం పెట్టకండి, బామ్ పూయకండి. శుభ్రమైన తడిగుడ్డ వేయండి. జ్వరం మందు నర్సు బరువు చూసి చెప్పినంతే పోయండి, పక్కింటి పిల్లకు పోసినంత కాదు. సూది వేయించాక అరగంట అక్కడే కూర్చోండి, రొమ్ము పట్టండి. పోలియో చుక్కలు వేసినంత మాత్రాన పాలు ఆపనక్కర లేదు. పుట్టగానే ఎడమ భుజానికి వేసిన బీసీజీ, అదే క్షయ రాకుండా వేసే సూది, కొన్ని వారాలకు గడ్డలా లేచి చీము పడుతుంది. ముసలమ్మలు పసుపు పెడతామంటారు, వద్దనండి, దానంతటదే మానుతుంది. ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, ఆపకుండా గంటల తరబడి ఏడ్చినా 108కు ఫోన్ చేయండి. ఇదివరకు ఏ సూదికైనా ఇట్లా అయితే ముందే చెప్పండి.

మళ్లీ బొంబాయి దగ్గరికే వస్తున్నా. కోస్గి, నారాయణపేట, మక్తల్ దిక్కు నుంచి బస్సెక్కేవాళ్లు బియ్యం, కారం, గిన్నెలు అన్నీ మూట కడతారు. బిడ్డ సూదుల కార్డు మాత్రం ఇక్కడ ట్రంకుపెట్టెలో ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మీ వెంట తీసుకుపోండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బొంబాయిలో, పుణెలో కూడా సర్కారు దవాఖానాలో ఈ సూదులు ఉచితమే. భాష రాకపోతే కార్డు చూపించండి, నర్సుకు అర్థమవుతుంది. ఒక డోసు తప్పితే మళ్లీ మొదటి నుంచి వేయించనక్కర లేదు, ఆగిన కాడి నుంచి వేస్తారు. ఆలస్యమైందని తిడతారేమోనని ఆగకండి. తిడితే పడండి, సూది వేయించండి.

ఆదివారం పోయే చెల్లె ఎక్కడుంది? లేచి నిలబడమ్మా. నీ బాబుకు తొమ్మిది నెలలు నిండాయా? నిండితే భోజనాల కంటే ముందు నువ్వు సబ్‌సెంటర్‌లోకి రా. మా కొత్త ఏఎన్‌ఎం సూది మందులున్న ఐస్ ప్యాకుల డబ్బా తెచ్చింది. నువ్వొక్కదానివే అయినా ఆమె సీసా తెరుస్తుంది, నేను పక్కనే ఉంటాను.