ముందు పడవవాళ్లను అడుగుదాం

సభాధ్యక్షులకు, పెద్దలకు, అమలాపురం విద్యార్థులకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలలో సాహసయాత్రల గురించి మాట్లాడమన్నారు. దక్షిణ ధ్రువాన్ని 1911 డిసెంబర్ 14న మొట్టమొదట చేరిన రోఆల్ అముండ్‌సెన్ గురించి చెబుతాను.

అంతకు చాలా ముందే, 1903 నుంచి రెండు శీతకాలాలు, ఉత్తర కెనడాలోని కింగ్ విలియం దీవిలో ఓడ నిలిపి, ఆయన అక్కడి నెట్సిలిక్ ప్రజల దగ్గర శిష్యరికం చేశాడు. కుక్కబండి తోలడం, తోలు దుస్తులను వదులుగా తొడగడం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు. బిగుతు బట్టలో పట్టిన చెమట ఆ చలికి గడ్డకడుతుంది. వదులుగా ఉంటే గాలి ఆడి ఆరిపోతుంది. అదే ప్రాంతంలో అంతకు అర్ధ శతాబ్దం ముందు చిక్కుకుపోయిన బ్రిటిష్ నావికుడు ఫ్రాంక్లిన్ బృందంలోని 129 మందిలో ఒక్కరూ ఇల్లు చేరలేదు. ధ్రువయాత్రకు కూడా అముండ్‌సెన్ 1911 సెప్టెంబర్‌లోనే బయలుదేరి, చలి మైనస్ 56 డిగ్రీలకు దిగేసరికి పంతానికి పోకుండా వెనుదిరిగి, అక్టోబర్‌లో మళ్లీ కదిలాడు.

ఇక్కడ గోదావరి నడుమ దీవులైన మన లంకల మాట ఎత్తక తప్పదు. ఒక వరద సన్నాహక సమావేశంలో, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో హెచ్చరిక వచ్చాక ఊరు ఖాళీ చేయిస్తామని అధికారులు చెబుతుండగా, వెనక వరుసలోంచి ఒక పడవ పెద్దాయన లేచాడు. “మా తోవ మొదటి హెచ్చరికకే మునిగిపోద్దండి, మూడోదాకా ఆగితే గట్టెక్కలేమండి” అన్నాడు. ఆయనను కూర్చోమన్నారు. మళ్లీ లేచాడు, మళ్లీ కూర్చోబెట్టారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కులు పారిన వరదలో పడవ నడిపిన మనిషి ఆయన! ఆ అవమానం నాకు నేటికీ మింగుడుపడలేదు.

వరద వస్తుందనగానే ఆయన పడవను కొబ్బరిచెట్టుకు ఎలా కడతాడో చూడండి: తాడు బాగా వదిలి, ఉచ్చు కాండం మీద పైకి జారేటట్టు వేస్తాడు. రాత్రికి రాత్రి ఏరు పెరిగితే పడవ నీటితో పాటే లేస్తుంది. బిగించి కట్టినది ఉన్నచోటే మునుగుతుంది. ఈ సంగతి ఏ శిక్షణలోనూ నేను వినలేదు.

బాబూ, అమ్మా, రేపు మీలోనే తహసీల్దార్లు, ఇంజినీర్లు అవుతారు. వచ్చే జూన్ సమావేశంలో ప్రతి లంక నుంచీ ఒక పడవవాణ్ణి, ఒక పశువుల కాపరిని ముందు వరుసలో కూర్చోబెట్టి, ఏ తోవ ఏ మట్టానికి మునుగుతుందో వాళ్ల నోటి మీదుగా రాయించిన తరువాతే ప్రణాళిక ఖరారు చేయాలని ఈ సభ ఇప్పుడే తీర్మానించి, కలెక్టరు గారికి పంపాలని కోరుతున్నాను. మొదటి సంతకం నేను పెడతాను.