చార్ట్ కావాలంటే పది గ్రూపులకి పంపాలా?

యాంకర్: హలో, ఎక్కడ్నుంచండీ?

కాలర్: తణుకు నుంచండి. ఆన్‌లైన్లో టైలరింగ్ నేర్పిస్తానండి, ఈమధ్యే సొంత వెబ్‌సైట్ పెట్టాను. ప్రిన్సెస్ కట్ బ్లౌజ్ కొలతల చార్ట్ పీడీఎఫ్ చేశా, 28 నుంచి 44 సైజు దాకా, మా తమ్ముడేమో ఊరికే ఇస్తే విలువుండదు, పది వాట్సాప్ గ్రూపులకి షేర్ చేస్తేనే ఓపెనయ్యేలా పెట్టమంటున్నాడండి. పెట్టనా మేడం?

మేడం: వద్దమ్మా. చార్ట్ చూడకముందే షేర్ కొట్టమంటే ఏదో ఒకటి కొట్టేస్తారు, అలా వచ్చేవాళ్ళలో ఎంతమందికి ఇంట్లో మిషనుంటది చెప్పండి. అసలు వాళ్ళు పంపారో లేదో మీ సైటుకి తెలీదు కూడా, బటన్ నొక్కి వెనక్కొచ్చేస్తే అయిపోయె. ఫేస్‌బుక్‌లో పేజీ లైక్ కొడితేనే కూపన్ అనేవాళ్ళు చూడండి, అది 2014 నవంబర్ నుంచి ఫేస్‌బుక్ వాళ్ళే ఆపించేశారు.

కాలర్: పోనీ యాడ్ మీద ఒకసారి నొక్కమంటే?

మేడం: అమ్మో! అలా నొక్కమని అడిగితే యాడ్‌సెన్స్ అకౌంటే, అంటే సైటులో యాడ్లకి గూగుల్ డబ్బులిచ్చే అకౌంటే, పోవచ్చు.

కాలర్: మరి ఫోన్ నంబర్ తీసుకోనా అండి?

మేడం: వాట్సాప్‌లో పంపేటట్టయితే తీసుకోండి, డౌన్‌లోడ్ ఇచ్చేటప్పుడు నంబరెందుకు? 2023లో వచ్చిన డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం దేనికి తీసుకుంటున్నామో ముందే చెప్పాలి, దానికి ఎంత కావాలో అంతే అడగాలి. రూల్స్ కూడా 2025 నవంబర్‌లో వచ్చేశాయి, అమలు మాత్రం దశలవారీగా. చార్ట్ కోసమిచ్చిన నంబరుకి శ్రావణమాసం చీరల ఆఫర్లు పంపకూడదన్నమాట. పంపాలనుంటే దానికి వేరే టిక్ బాక్స్ పెట్టండి, మీరే ముందు టిక్ కొట్టేసి ఉంచకండి, వద్దు అన్నవాళ్ళకి వెంటనే ఆపెయ్యాలి. ఈ ముందే టిక్కులు చూస్తే నాకైతే ఒళ్ళు మండుద్ది.

యాంకర్: (నవ్వు) మరి ఎంతవరకు తెరిచి ఉంచాలి మేడం?

మేడం: 36 సైజు పేజీ మొత్తం తెరిచి పెట్టండి, షోల్డర్, చంక రౌండు, డాట్ పాయింట్ అన్నీ. పేపర్ కటింగ్ చేసి చూసుకుని బాగా కుదిరింది అనుకున్నావిడే మిగతా సైజుల కోసం మెయిల్ ఇస్తుంది.

కాలర్: మావాళ్ళలో చాలామంది మెయిల్ చూడరండి.

మేడం: అయితే మెయిల్ వదిలెయ్యండి. సైటులో వాట్సాప్ చాట్ లింక్ పెట్టండి, వాళ్ళే "చార్ట్" అని మెసేజ్ పెడతారు, మీరు పీడీఎఫ్ పంపేయండి.

కాలర్: అది బాగుందండి, ఇవాళే పెట్టేస్తా.

యాంకర్: థ్యాంక్యూ అండి. తర్వాతి కాలర్ కరీంనగర్ నుంచి, హలో...