చర్చి గంటలో ఎన్ని స్వరాలుంటాయి? ఫోన్, ఆడాసిటీ చాలు, మనమే చూద్దాం

నమస్తే అండి. ఇవాళ ఒక చర్చి గంట మోతని ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, దాని లోపల ఏమేం స్వరాలున్నాయో చూద్దాం. ముందు ఒకసారి వినండి. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో అయితే అడుగున మోగే స్వరం అసలు రాదు.

విన్నారా? ఇంకోసారి వేస్తాను. ఈసారి దెబ్బ పడ్డ చోటు వదిలేసి తర్వాత వచ్చేది వినండి. ఆ తోక. ఆ సాగడం. అందులో ఏదో దిగులు ఉంటుంది చూడండి, పండగ రోజు మోగినా ఉంటుంది. అది ఎక్కడి నుంచి వస్తోందో ఇవాళ స్క్రీన్ మీద గీతల్లో చూపిస్తాను.

సరే, రికార్డింగ్. మన హైదరాబాద్‌లో చోట్లకి కొదవ లేదు. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్స్ కెథడ్రల్, సికింద్రాబాద్‌లో సెయింట్ మేరీస్, అటు బొల్లారం, తిరుమలగిరి వైపు కంటోన్మెంట్ కాలం నాటి చర్చిలు. ఎక్కడికి వెళ్లినా ముందు లోపల ఆఫీసులో అడగండి. గంట ఎప్పుడు కొడతారో వాళ్లే చెబుతారు. ఆదివారం పొద్దున మొదటి పూజకి వెళితే రోడ్డు మీద హారన్లు తక్కువ. పదింటికి అబిడ్స్ వైపు నిలబడితే గంట కన్నా ఆటోలే ఎక్కువ రికార్డవుతాయి. గోపురం కిందే నిలబడకండి, కాస్త దూరంగా, గంట గూడు కిటికీలు కనిపించే చోట నిలబడండి. ఫోన్ చేత్తో పట్టుకోకుండా గోడ మీదో బ్యాగు మీదో పెట్టేయండి.

ఫోన్‌లో మూడు సెట్టింగులు. ఫార్మాట్ వేవ్. 44,100 శాంపిల్ రేటు, అంటే సెకనుకి అన్ని కొలతలు. నాయిస్ రిడక్షన్ ఆఫ్. ఆ మూడోది తప్పకుండా ఆఫ్ చేయాలి, ఎందుకంటే ఫోన్‌కి మనిషి గొంతు ఒక్కటే ముఖ్యం. సన్నగా, కదలకుండా సాగే మోతని ఫ్యాన్ చప్పుడు అనుకుని కోసేస్తుంది. మనకి కావాల్సిందేమో సరిగ్గా ఆ సాగేదే. మీ ఫోన్‌లో ఉన్న రికార్డర్‌లో ఈ ఆప్షన్ లేకపోతే వేరే రికార్డర్ యాప్ వేసుకోండి. రికార్డ్ చేశాక కంప్యూటర్‌కి కేబుల్‌తో ఎక్కించండి. వాట్సాప్‌లో పంపుకోవాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, వాయిస్ మెసేజ్‌గా వద్దు.

ఆడాసిటీ తెరిచాను, ఫైల్ లాగి ఇందులో పడేశాను. వచ్చేసింది. ఇవిగో దెబ్బలు, ఒకటి, రెండు, మూడు. పైన అంచుకి తగిలి చదునుగా అయిపోయిన దెబ్బ ఉంటే దాన్ని వదిలేయండి, అందులో లేని స్వరాలు కూడా కనిపిస్తాయి. నేను ఈ చివరి దెబ్బ తీసుకుంటున్నాను, దీని తర్వాత ఇంకో దెబ్బ లేదు కాబట్టి తోక మొత్తం దొరుకుతుంది. సెలెక్ట్ చేసి కంట్రోల్ ఈ కొడితే ఆ భాగం స్క్రీన్ నిండా వస్తుంది. దగ్గరగా చూడటానికి, వినడానికి నేను మెనూలోకి వెళ్లనే వెళ్లను, కంట్రోల్ ఈ, స్పేస్‌బార్, ఈ రెండింటితోనే పని అయిపోతుంది.

ఇప్పుడు అసలు స్టెప్. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నెమ్మదిగా చేద్దాం.

చూడండి, దెబ్బ మొదలు నుంచి సెలెక్ట్ చేశాను. అనలైజ్ మెనూ, ప్లాట్ స్పెక్ట్రమ్. ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉందో గీసి చూపించేది ఇదే. ఏం వచ్చింది? ఒక కొండ. మొద్దుగా ఉంది, ఏ శిఖరం ఏదో తెలియట్లేదు. దీనికి రెండు కారణాలు.

మొదటిది, దెబ్బ. లోపలి నాలుక అంచుకి తగిలిన ఆ క్షణంలో లోహం మీద లోహం చప్పుడు ఉంటుంది, అన్ని ఫ్రీక్వెన్సీలూ కలగాపులగంగా ఉంటాయి. అది గంట స్వరం కాదు. అందుకే దెబ్బ పడ్డాక అర సెకను వదిలి, అక్కడి నుంచి సెలెక్ట్ చేయాలి. ఇదిగో, ఇక్కడి నుంచి. ఈ ముల్లులా ఉన్నది దాటాక.

రెండోది, ఈ సైజ్ అనే డబ్బా. ఆడాసిటీ ఫ్రీక్వెన్సీలని చిన్న చిన్న గడులుగా విడగొట్టి కొలుస్తుంది. ఇందులో 2048 లాంటి చిన్న సంఖ్య ఉంటే ఒక్కో గడి వెడల్పు ఎంత? 44,100ని 2048తో భాగించండి. ఇరవై ఒకటిన్నర హెర్ట్జ్. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కంపనాలో ఆ లెక్క. అంటే పది హెర్ట్జ్ తేడా ఉన్న రెండు స్వరాలు ఒకే గడిలో పడిపోతాయి. గంటలో మనం వెతికేది ఆ పది హెర్ట్జ్ తేడాలే. అందుకని సైజ్ 65536 పెట్టండి. ఇప్పుడు గడి వెడల్పు హెర్ట్జ్ కన్నా తక్కువ. అయితే ఒక్క షరతు, 65,536 శాంపిల్స్ అంటే దాదాపు ఒకటిన్నర సెకను. మీ సెలెక్షన్ అంతకన్నా పొట్టిగా ఉంటే డేటా చాలదని ఆడాసిటీ గోల పెడుతుంది. రెండు మూడు సెకన్లు తీసుకోండి, ఏ ఇబ్బందీ ఉండదు. ఫంక్షన్ దగ్గర హాన్ విండో, యాక్సిస్ దగ్గర లాగ్ ఫ్రీక్వెన్సీ పెట్టండి.

ఇప్పుడు చూడండి. అదే గంట. అదే దెబ్బ. మొద్దు కొండ పోయి సూదుల్లాంటి శిఖరాలు వచ్చాయి.

మౌస్ ఒక్కో శిఖరం దగ్గర పెడితే పీక్ అని కింద రాస్తుంది. చదువుతాను. 231. 429. 525. 662. 880. ఇంకా పైన 1312, 1790. మీ గంటకి వేరే అంకెలు వస్తాయి, కానీ వరుస ఇలాగే ఉంటుంది.

గంటలు పోసేవాళ్లు వీటిలో మొదటి అయిదింటికీ పేర్లు పెట్టుకున్నారు. అన్నిటికన్నా కిందది హమ్. దాని పైన ప్రైమ్. తర్వాత టియర్స్, క్వింట్, నామినల్. మన సంగీతం తెలిసినవాళ్లకి ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. హమ్ మంద్ర షడ్జం. ప్రైమ్ మధ్య షడ్జం. క్వింట్ పంచమం. నామినల్ తార షడ్జం. మధ్యలో టియర్స్ ఉంది కదా, అది గాంధారం.

ఏ గాంధారం? ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం.

తంబూరా బాగా శ్రుతి చేస్తే మంద్ర షడ్జం తీగలోంచి ఎవరూ మీటని గాంధారం ఒకటి పలుకుతుంది. స్వయంభూ గాంధారం అంటారు. అది అంతర గాంధారం, అంటే పాశ్చాత్య సంగీతంలో మేజర్ థర్డ్, ఎందుకంటే తీగ కంపనాలు ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్లుగా వెళతాయి, ఆ అయిదో రెట్టు దగ్గర వచ్చేది అదే. తీగకి అది పుట్టుకతో వచ్చింది. గంటకి ఆ లెక్క వర్తించదు. గంట వంపు, అంచు మందం కలిసి కంపనాలని వేరే దారిలో నడిపిస్తాయి. చర్చి గంట ఆకారంలో పలికేది సాధారణ గాంధారం, అంటే అంతర గాంధారానికి ఒక మెట్టు కిందది, మైనర్ థర్డ్. ఇందాక మీరు విన్న ఆ దిగులు ఇదే. 525 దగ్గర నిలబడి ఉంది, చూడండి ఎంత గట్టిగా ఉందో. నాకు గంట మీద ఇష్టం అంతా ఈ ఒక్క శిఖరం మీదే ఉంది. పెళ్లికి మోగినా, క్రిస్మస్ అర్ధరాత్రి మోగినా ఆ గాంధారం మారదు, అందుకే ఎంత సంబరంలోనైనా గంట మనసుని కాస్త మెలిపెడుతుంది.

1985లో నెదర్లాండ్స్‌లో ఐస్‌బౌట్స్ అనే గంటల కంపెనీ, ఐండ్‌హోవెన్ యూనివర్సిటీ వాళ్లు కలిసి కంప్యూటర్‌లో ఆకారం లెక్కగట్టి, అంతర గాంధారం పలికే గంట తయారుచేశారు. వినండి ఎప్పుడైనా, తేటగా, హాయిగా ఉంటుంది. నాకు మాత్రం పాతదే కావాలి.

ఈ అయిదు స్వరాలని సరిచేయడం కూడా ఇవాళ్టిది కాదు. 17వ శతాబ్దంలో యాకబ్ వాన్ ఐక్ అనే డచ్ సంగీతకారుడు ఉండేవాడు. ఆయనకి చూపు లేదు. గంట దగ్గర నిలబడి ఈల వేసి, దానిలో ఒక్కో స్వరాన్ని విడిగా పలికించేవాడు. మనం ఇప్పుడు స్పెక్ట్రమ్‌తో చేస్తున్నది ఆయన ఈలతో చేశాడు. ఆయన సాయంతో హెమొనీ సోదరులు 1644లో జుట్‌ఫెన్ ఊరికి స్వరాలు సరిగ్గా కుదిరిన గంటలు పోశారు. గంట లోపలి వైపు లోహాన్ని కొంచెం కొంచెంగా చెక్కి సరిచేస్తారు. తర్వాత ఆ పనితనం మరుగున పడిపోయింది. ఇంగ్లాండ్‌లో మళ్లీ పట్టుకున్నది 1890లలో.

ఇప్పుడు మన గంటకి వద్దాం. హమ్ 231 ఉంది. నామినల్ 880, హమ్ దానికి రెండు స్థాయిల కింద, అంటే నాలుగో వంతు కాబట్టి లెక్క ప్రకారం 220 ఉండాలి. ప్రైమ్ 440 ఉండాలి, 429 ఉంది. అంటే ఈ గంటని అలా చెక్కి సరిచేయలేదు. 429 పక్కన ఏ4 అని పాశ్చాత్య స్వరం పేరు చూపిస్తోంది కదా, దాన్ని నమ్మకండి. 440కి కూడా ఏ4 అనే అంటుంది, 429కీ అదే అంటుంది. దగ్గరలో ఉన్న పేరు రాసేస్తుంది అంతే. ఎప్పుడూ హెర్ట్జ్ చూడండి.

అసలు వింత ఇక్కడుంది. హార్మోనియం ఉంటే ఆరో శ్రుతి పట్టండి, లేకపోతే జనరేట్ మెనూలో టోన్, 440. అది వింటూ గంట వినండి. కలిసిపోయింది కదా? గంట కొట్టగానే మన చెవికి తగిలే స్వరం 440. ఇప్పుడు స్పెక్ట్రమ్‌లో 440 దగ్గరికి వెళ్దాం. ఇదిగో, ఇక్కడ. ఏముంది? ఏమీ లేదు. లోయ. ఈ పక్కన 429 ఉంది, కానీ మనం విన్నది అది కాదు.

గంటలో లేని స్వరాన్ని మనం విన్నాం.

880, 1312, 1790. ఈ మూడింటినీ 440తో భాగించి చూడండి. రెండు, దాదాపు మూడు, నాలుగుకి కాస్త పైన. మెదడు ఈ మూడింటినీ చూసి, వీటి అడుగున ఒకటి ఉండాలి, అది 440 అయి ఉండాలి అని తనే పూరించుకుంటుంది. గంటల వాళ్లు దీన్ని స్ట్రైక్ నోట్ అంటారు. చెవికి తగిలే స్వరం నామినల్‌కి ఒక స్థాయి కింద ఉంటుందని లార్డ్ రేలీ అనే భౌతిక శాస్త్రవేత్త 1890లోనే కొలిచి రాశాడు.

నమ్మకం కుదరకపోతే మనమే చేద్దాం. కొత్త ప్రాజెక్ట్. జనరేట్, టోన్, సైన్, 880, ఆంప్లిట్యూడ్ 0.2, అయిదు సెకన్లు. ట్రాక్ కింద ఖాళీ చోట ఒక్క క్లిక్, లేకపోతే కొత్త ట్రాక్ రాదు. మళ్లీ టోన్, 1312. ఖాళీ చోట క్లిక్. టోన్, 1790. ఆంప్లిట్యూడ్ అన్నిటికీ 0.2యే ఉంచండి, మూడూ కలిసినా శబ్దం పగిలినట్టు రాదు. అన్నీ సెలెక్ట్, ఫేడ్ అవుట్. ప్లే. విన్నారా అడుగున? మనం 440 వేయలేదు. ఒక్కో ట్రాక్ మ్యూట్ చేస్తూ వినండి, రెండు తీసేసేసరికి అది మాయమవుతుంది. అన్నీ తిరిగి పెట్టండి, వచ్చేస్తుంది. మొదటిసారి వినపడకపోతే కంగారు పడకండి, వాల్యూమ్ కొంచెం తగ్గించి మళ్లీ వినండి.

ఇంకొక్కటి చూపించాలి. మళ్లీ గంట ఫైల్‌కి. తోక చివర చూడండి, పైవి అన్నీ పోయి హమ్ ఒక్కటే మిగిలింది. అది తిన్నగా తగ్గట్లేదు. ఉబ్బుతోంది, తగ్గుతోంది, మళ్లీ ఉబ్బుతోంది. గంట చుట్టూ మందం ఎక్కడా ఒక్కలా ఉండదు కాబట్టి హమ్ ఒకటి కాదు, దాదాపు ఒకేలా ఉన్న రెండు. ఆ రెండింటి తేడా ఎంతో, సెకనుకి అన్నిసార్లు ఊగుతుంది. ఇక్కడ రెండు సెకన్లకోసారి ఊగుతోంది, అంటే తేడా అర హెర్ట్జ్. ఇంత చిన్న తేడా స్పెక్ట్రమ్‌లో దొరకదు, వేవ్‌ఫామ్‌లోనే దొరుకుతుంది. లండన్‌లో బిగ్ బెన్ గంటకి 1859లో పగులు వచ్చింది. దెబ్బ వేరే చోట పడేలా గంటని కొంచెం తిప్పి, తేలికైన సుత్తి పెట్టి, ఆ పగులుతోనే ఈ రోజుకీ మోగిస్తున్నారు. అలాంటి గంట తోక ఎలా ఉంటుందో మీరే దించుకుని చూడండి, అదే పద్ధతి.

చాలామంది అడుగుతారు, ఇంగ్లాండ్ చర్చిల్లో గంటలు వరసగా జలజలా దొర్లుతూ మోగుతాయి కదా, అదేంటని. అక్కడ గంట మొత్తం చక్రంతో పాటు పూర్తిగా ఒక చుట్టు తిరుగుతుంది. అంత బరువు తిరుగుతుంటే ఇష్టం వచ్చినప్పుడు కొట్టలేం, పక్క గంటతో చోటు మార్చుకోవడం వరకే వీలవుతుంది. అందుకే వాళ్లు పాటలు వాయించరు, ఇంటర్ లెక్కల్లో మనం చదివిన ప్రస్తారాలు మోగిస్తారు, ఒక్క వరస కూడా రెండోసారి రాకుండా. గంటలు ఏడు ఉంటే 5,040 వరసలు, అన్నీ మోగించడానికి దాదాపు మూడు గంటల సమయం పడుతుంది. ఎనిమిది ఉంటే 40,320. దాన్ని 1963లో లఫ్‌బరో గంటల ఫౌండ్రీలో ఎనిమిది మంది కలిసి ఆపకుండా దాదాపు పద్దెనిమిది గంటల సేపు మోగించారు. మనిషి మారలేదు, కాగితం చూడలేదు. తలుచుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

సరే, సేవ్ చేద్దాం. స్పెక్ట్రమ్ విండోలో ఎక్స్‌పోర్ట్ కొడితే అంకెలన్నీ టెక్స్ట్ ఫైల్‌గా వస్తాయి. ఫైల్ పేరులో చర్చి పేరు, తేదీ, ఎంత దూరంలో నిలబడ్డారో రాసుకోండి. ఒకే చర్చిలో రెండు మూడు గంటలుంటే విడివిడిగా కొట్టిన చోట్లే వాడండి, కలిసి మోగిన చోట ఏ శిఖరం ఏ గంటదో తేలదు. కంప్యూటర్ లేనివాళ్లకి ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ అని యాప్ ఉంది, గంట మోగుతుండగానే శిఖరాలు కనిపిస్తాయి. నేను గోపురం దగ్గర అది తెరిచి పెట్టుకుని, ఇంటికొచ్చి ఆడాసిటీలో సరిచూసుకుంటాను. మీ గంట నామినల్ ఎంత, టియర్స్ ఎంత, ఆ రెండు అంకెలు కింద కామెంట్‌లో రాయండి. గాంధారం ఏదో లెక్క కట్టి చెబుతాను.