చూశాను అన్నాడు, చేశాను అనలేదు: జాన్ న్యూటన్ పుస్తకం రివ్యూ

నమస్తే అండి. ఈసారి ఒక పాత పుస్తకంతో వచ్చాను. 1788లో లండన్‌లో అచ్చయింది, పేరు ‘థాట్స్ అపాన్ ది ఆఫ్రికన్ స్లేవ్ ట్రేడ్’, 40 పేజీలకు అటూ ఇటూ ఉంటుంది. ఒక్క పూటలో అయిపోతుందని మొదలుపెట్టాను, మూడుసార్లు మూసి పక్కన పెట్టేశాను.

రాసింది జాన్ న్యూటన్. ‘అమేజింగ్ గ్రేస్’ పాట విన్నారు కదా, అది రాసిన పాస్టరే. పాస్టర్ కాకముందు ఈయన బానిసల ఓడకు కెప్టెన్. 1748లో తుఫానులో ఓడ మునిగిపోతుంటే దేవుణ్ణి తలుచుకున్నాడు, అక్కడి నుంచి మనిషే మారిపోయాడు అని అందరూ చెప్తారు. కానీ తేదీలు చూడండి, బానిసల ఓడకు కెప్టెన్ అయింది 1750లో, అంటే మారాడన్న తర్వాతే! ఆదివారం సిబ్బందిని కూర్చోబెట్టి ప్రార్థన చేయించేవాడు, అదే ఓడలో కింద గొలుసులతో మనుషులు. 1754లో మానేసింది కూడా జబ్బు చేసి, మనసొప్పక కాదు. ఆ తర్వాత 34 ఏళ్లకు ఈ పుస్తకం. తన వల్ల జరిగిన కీడును ఆపడానికైనా సరిదిద్దడానికైనా ఈ ఒప్పుకోలు ఆలస్యమైపోయిందని ఆయనే రాసుకున్నాడు.

పుస్తకానికి బలం ఆయన కళ్లతో చూసిన వివరాలే. ఓడలో బానిసల గది ఎత్తు ఐదడుగులు, ఒక్కోసారి అదీ ఉండదు. ఆ ఎత్తుకు మధ్యలో అటకలా చెక్కలు కొట్టి కిందొక వరుస, పైనొక వరుస పడుకోబెట్టేవాళ్లట, అల్మరాలో పుస్తకాలు సర్దినట్టు. అంటే ఒక్కో వరుసకు రెండున్నర అడుగులు. నేను టేప్ తెచ్చి మా డైనింగ్ టేబుల్ కింద కొలిచాను, ఇంచుమించు అంతే వచ్చింది. కిందకి దూరి పడుకున్నాను, లేచి కూర్చుందామంటే తల తగిలింది. వాళ్లు వారాల తరబడి అలాగే, సముద్రం మీద.

ఇంకొకటి చెప్తాను, పిల్లలు పక్కనుంటే ఇది దాటేయండి. ఒక ఓడ మేట్, అంటే కెప్టెన్ కింద పనిచేసే అధికారి, ఏడాది బిడ్డతో ఉన్న తల్లిని కొన్నాడు. రాత్రి పడవలో బిడ్డ ఏడుస్తుంటే నిద్ర చెడిందని లాక్కుని సముద్రంలోకి విసిరేశాడు. తల్లిని విసరలేదు, ఆమెకు ధర పలుకుతుంది కాబట్టి. మొదటిసారి పుస్తకం మూసేసింది ఇక్కడే.

నాకు నచ్చనిదీ ఉంది. మొదట చెప్పేది తెల్ల నావికుల గురించే, ఈ వ్యాపారంలో వాళ్లు ఐదోవంతు చచ్చిపోతున్నారని. అంత బాధ చూసినవాడు అక్కడ మొదలుపెట్టడమేంటి అని కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఇది బ్రిటిష్ పార్లమెంటు సభ్యుల చేతికి వెళ్లిన పుస్తకం, వాళ్లను కదిలించేది ముందు పెట్టాడేమో. బానిసల వ్యాపారం ఆపాలని పార్లమెంటులో పోరాడిన ఎంపీ విల్బర్‌ఫోర్స్, 1785లో రాజకీయాలు వదిలేయాలా అని సలహాకొస్తే వద్దు, పార్లమెంటులోనే ఉండమని చెప్పింది ఈయనే కదా. 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో న్యూటన్ చనిపోయాడు. ఆగింది వ్యాపారం మాత్రమే, బానిసత్వం కాదు. దాన్ని తీసేసిన 1833 చట్టం కూడా ఈస్ట్ ఇండియా కంపెనీ కింద ఉన్న మన ప్రాంతాలను పక్కన పెట్టింది, ఇక్కడికి 1843 దాకా రాలేదు.

నన్ను అసలు వదలనిది వేరే. బొటనవేళ్లను మరలో బిగించి నలిపే పరికరం గురించి రాస్తూ, బానిసలు దాంతో గంటల తరబడి, రోజుల తరబడి విలవిల్లాడటం ‘చూశాను’ అంటాడు. ఆయన ఓడ డైరీలో, 1752 డిసెంబరులో ఏముందో తెలుసా? దేవుడి దయ వల్ల తిరుగుబాటు కుట్ర సమయానికి బయటపడిందని, నిజం చెప్పించడానికి కుర్రాళ్లను సంకెళ్లలో పెట్టి ఆ మరలు కొంచెం బిగించామని. ‘కొంచెం’ అట. పుస్తకంలో ఆ కుర్రాళ్లు లేరు. నేను అందులో ఉన్నాను అని ఒప్పుకున్న మనిషే, ఆ ఒక్క చోట మాత్రం చూసినవాడిగా నిలబడ్డాడు.

అయినా చదవండి అనే చెప్తాను, ఆయన్ని మెచ్చుకోవడానికి కాదు. ఆ రోజుల్లో కెప్టెన్‌గా పనిచేసినవాడు సొంత పేరు పెట్టి ఇంత బయటపెట్టడం చిన్న విషయం కాదు. కాకపోతే డైరీ పక్కన పెట్టుకుని చదవండి. ఆ తర్వాత 1789లో వచ్చిన ఒలాడా ఈక్వియానో ఆత్మకథ తీయండి, అది బానిసగా అమ్ముడుపోయిన మనిషి తన గొంతుతో తను చెప్పుకున్నది. వచ్చే వీడియో దాని మీదే.